గొంతు మారితే పాత్ర కూడా మారిపోతుందా? మా ఊరి దుర్యోధనుడి సంగతి

కోడుమూరు_పరదా

అందరికీ నమస్కారం. మాది కర్నూలు జిల్లా కోడుమూరు దగ్గర ఒక పల్లె. మా ఊళ్ళో ఏటా ఉగాది అయిన మూడో రోజు రాత్రి కురుక్షేత్రం నాటకం ఆడతాం. పదికి పరదా లేస్తే కోళ్ళు కూసేదాకా సాగుతుంది. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి దుర్యోధనుడంటే మా మేనమామే. 27 ఏళ్ళు ఆయనే వేశాడు.

ఆయన గొంతు గురించి కొంచెం చెప్పాలి, లేకపోతే నా బాధ అర్థం కాదు. అది కంచు గొంతు కాదు. బాగా లోతుగా ఉండి, అడుగున ఇసుక రాలుతున్నట్టు గరగరలాడుతుంది. పై శ్రుతి అందదు. కృష్ణుడి వేషగాడు రాగం తీసి తీసి వన్స్‌మోర్లు కొట్టించుకుంటుంటే మామ పద్యం చివర రాగంలో రెండే రెండు సంగతులు, అంటే మెలికలు, వేసి ఆపేసేవాడు. కానీ మాట మొదలుపెట్టే ముందు ఒక పెద్ద ఊపిరి తీసేవాడు, అది మైకులో వినిపించేది, ఆ ఊపిరికే ముందు వరసలో పిల్లలందరూ సర్దుకుని కూర్చునేవాళ్ళు. ఎప్పుడూ అరవలేదు. రాయబారం సీనులో కూడా అరవలేదు. అందుకని మా ఊరివాళ్ళకు దుర్యోధనుడంటే కేకలు వేసే మనిషి కాదు, తన మాట వినాలంటే ఎదుటివాడే ఒక అడుగు దగ్గరికి రావాల్సిన రాజు. పుస్తకంలో ఎక్కడా అలా రాసి లేదు. అది పూర్తిగా మామ గొంతు వల్ల వచ్చింది.

పోయిన ఏడాది గొంతులో చిన్న కాయ ఉందని ఆపరేషన్ చేశారు. మనిషి బాగున్నాడు, ప్రమాదమేమీ లేదు. కానీ గట్టిగా మాట్లాడొద్దు, పద్యాల జోలికి అసలే పోవద్దు అన్నారు డాక్టరు. ఈసారి వేషం 24 ఏళ్ళ కుర్రాడికి ఇచ్చాం. ఊళ్ళో పిల్లలకు ట్యూషన్ చెప్తాడు. పది రోజుల్లో పోర్షనంతా నోటికి పట్టేశాడు. గొంతు సన్నం, స్వచ్ఛం, పైకి ఎంత దూరమైనా పోతుంది. మొన్న రిహార్సల్ చూడ్డానికొచ్చిన పెద్దవాళ్ళు "పిల్లోడు బాగా పాడతాండాడు గానీ వీడు దుర్యోధనుడు కాదప్పా, కృష్ణుడు" అన్నారు. ఆ రోజు నుంచి వాడు మామలాగా గొంతు బరువు చేసుకుని మాట్లాడుతున్నాడు. వినడానికి నాకే నొప్పిగా ఉంది.

నాటకానికి ఇంకా ఐదు వారాలుంది. మామ గొంతునే వీడితో పట్టించాలా, వీడి గొంతుతోనే వేరే దుర్యోధనుణ్ణి తయారుచేయాలా? హార్మోనియం మాస్టారూ నేనూ కలిసి నేర్పిస్తున్నాం, ఆయనది ఒక మాట, నాది ఒక మాట. తెలిసినవాళ్ళు చెప్పండి.

బనగానపల్లె_సుధ

మామ గొంతునే పట్టించండి అన్నా. ఎందుకంటే జనానికి గుర్తుండేది గొంతే, మొహం కాదు.

మా ఊళ్ళో గుట్ట మీద నవాబుల బంగ్లా ఉంది. 2009లో అరుంధతి సినిమా వచ్చాక అందరూ దాన్ని అరుంధతి బంగ్లా అనే అంటున్నారు. యాగంటికి పోయేవాళ్ళు దారిలో ఆగి చూసి పోతుంటారు. నేను చిన్నప్పటి నుంచి గమనిస్తున్నాను, అక్కడికొచ్చిన ప్రతి గుంపులోనూ ఒకరైనా ఆ బొమ్మాళీ డైలాగు అరుస్తారు. ఆరేళ్ళ పిల్లాడైనా సరే, అరవై ఏళ్ళ పెద్దాయనైనా సరే, ఆ గొంతును పట్టుకోవాలనే చూస్తారు. అందులో విలన్ పశుపతి వేషం వేసింది సోనూ సూద్, గొంతు ఇచ్చింది రవిశంకర్ గారు. తెర మీద భయపెట్టిన శరీరం ఒకరిది, మా ఊరి గుట్ట మీద ఇన్నేళ్ళుగా తిరుగుతున్న గొంతు ఇంకొకరిది. ఆ సినిమా తర్వాత ఆయన్ని బొమ్మాళీ రవిశంకర్ అనే పిలవడం మొదలుపెట్టారు, అంటే ఆ డైలాగే ఆయన ఇంటిపేరు అయింది. గొంతు తీసేస్తే పశుపతి మిగలడు. మీ ఊళ్ళోనూ అంతే, ఆ గరగర లేకపోతే దుర్యోధనుడు మిగలడు.

ఆలూరు_శీను

సుధక్కా, నేను ఒప్పుకోను. బాషా తెలుగులో రజనీకాంత్‌కు సాయికుమార్ గారు చెప్పారు. ముత్తు నుంచి ఎక్కువగా మనో గారు చెప్పారు. రెండూ పూర్తిగా వేరే గొంతులు, ఒకటి ఉరుము, ఇంకొకటి చురుకు. మనం రెండింటినీ రజనీ అనే విన్నాం కదా. కొన్నాళ్ళు కొత్తగా ఉంటుంది, ఆ తర్వాత చెవి అలవాటు పడుతుంది. కుర్రాణ్ణి వాడి గొంతుతోనే చెయ్యనివ్వండి.

ఆదోని_రాజు

> కొన్నాళ్ళు కొత్తగా ఉంటుంది, ఆ తర్వాత చెవి అలవాటు పడుతుంది

సినిమా ఏడాదికి ఒకటి వస్తుంది, టీవీలో వందసార్లు వస్తుంది, అలవాటు పడతాం. వాళ్ళది ఏడాదికి ఒక్క రాత్రి. ఆ ఒక్క రాత్రి కోసం కూలికి వలస పోయినవాళ్ళు కూడా ఊరికొస్తారు. వాళ్ళకు అలవాటు చేసుకునే టైము ఎక్కడిది? సాయికుమార్ గారి విషయమే తీసుకోండి. 1989లో అంకుశంలో రాజశేఖర్ గొంతుగా విన్నాం. అదే గొంతు 1996లో పోలీస్ స్టోరీలో సాయికుమార్ గారి సొంత మొహంతో వస్తే మా నాన్న థియేటర్లో "ఇది రాజశేఖర్ గొంతు కదా" అన్నాడట. అంత బలంగా అతుక్కుంటుంది. నేను సుధక్క పక్షమే.

మైకు_ముందు

నేను ప్రొద్దుటూరు మనిషిని, 16 ఏళ్ళుగా హైదరాబాదులో డబ్బింగ్ చెప్తున్నాను. పెద్ద పేరున్న ఆర్టిస్టును కాదు, ఎక్కువగా సీరియళ్ళు, డబ్బింగ్ సినిమాల్లో రెండో వరస పాత్రలు. కానీ మీ ప్రశ్న నా రోజువారీ పని, అందుకని వివరంగా రాస్తున్నాను.

డబ్బింగ్ థియేటర్లో మేము ముందు చూసేది పెదాలను అని అందరూ అనుకుంటారు. ముందు చూసేది మెడ, భుజాలు. మనిషి ఊపిరి ఎక్కడ తీసుకున్నాడో అక్కడ కనిపిస్తుంది. ఆ చోట నేను కూడా ఊపిరి తీసుకోకపోతే అక్షరానికి అక్షరం లిప్ కలిసినా సరే, గొంతు తెర మీద మనిషిలోంచి రాదు, పక్క గదిలోంచి వచ్చినట్టు ఉంటుంది. నేను ఈ పనిలో చేరిన కొత్తలో ఒక పెద్ద ఆర్టిస్టు గొంతును అచ్చం దింపేవాణ్ణి. బయట అందరూ చప్పట్లు కొట్టేవాళ్ళు, లోపల ఇంజినీరు మాత్రం టేకు ఓకే చేసేవాడు కాదు. "గొంతు వచ్చింది, మనిషి రాలేదు" అనేవాడు. ఎందుకో అర్థం కావడానికి నాకు రెండేళ్ళు పట్టింది. వేరేవాళ్ళ గొంతును పట్టుకోవడం మీదే నా ధ్యాసంతా ఉండేది, పాత్ర ఏమనుకుంటోందో దాని మీద ఏమీ మిగిలేది కాదు.

బాలు గారిని చూడండి. 2008లో దశావతారం తెలుగులో కమల్ హాసన్ వేసిన పది వేషాల్లో ఏడింటికి ఆయనే చెప్పారు, అందులో ముసలావిడ వేషం కూడా ఉంది. అంతకంటే నాకు ఆశ్చర్యంగా అనిపించేది 1997లో వచ్చిన అన్నమయ్య. అందులో సుమన్ వేసిన వేంకటేశ్వరస్వామికి మాట ఆయనదే. నాగార్జున వేసిన అన్నమయ్యకు పాట ఎక్కువగా ఆయనదే. అంటే స్వామి మాట్లాడినా అదే గొంతు, భక్తుడు పాడినా అదే గొంతు. ఒక్కరికైనా తికమక కలిగిందా? స్వామి మాటలో తొందర ఉండదు, ప్రతి మాటకూ ముందు కొంచెం ఖాళీ ఉంటుంది, అడిగేవాడి అవసరం తెలిసినవాడి నిదానం అది. పాటలో భక్తుడికి ఆగే ఓపిక ఉండదు. గొంతు ఒకటే, దాని వెనక ఆత్రం వేరు.

కాబట్టి తమ్ముడూ, మీ మామ దగ్గర నేర్చుకోవాల్సింది గరగర కాదు. మీరు మొదటి పోస్టులోనే చెప్పారు, మాటకు ముందు ఊపిరి, అరవకపోవడం. ఆ రెండూ ఏ గొంతుకైనా వస్తాయి.

కడప_శ్రోత

మైకు_ముందు అన్న రాసింది చదివాక మా నాన్న గుర్తొచ్చాడు, అందుకే రాస్తున్నా.

నాన్నకు చూపు లేదు. కడప రేడియోలో నాటకం వస్తుందంటే ఇంట్లో మిక్సీ కూడా వేయనిచ్చేవాడు కాదు. నన్ను సినిమాలకు తీసుకుపోయేవాడు. నిజానికి నేనే ఆయన్ని తీసుకుపోయేదాన్ని, పక్కన కూర్చుని తెర మీద ఏం జరుగుతోందో చెవిలో చెప్పేదాన్ని. కొన్నాళ్ళకు నాకు తెలిసిందేమిటంటే నేను చెప్పక్కర్లేదు. "ఇప్పుడు కూర్చున్నాడు కదా" అనేవాడు. "ఈయమ్మ ఈ మాట వాడి మొహం చూడకుండా అన్నది" అనేవాడు. తెర వైపు చూస్తే అంతే ఉండేది. ఎట్లా తెలిసిందని అడిగితే మెడ వంగితే గొంతు నలుగుతుందమ్మా అన్నాడు.

ముత్యాలముగ్గులో రావు గోపాలరావు గొంతంటే నాన్నకు ప్రాణం. ఆ కాంట్రాక్టరు ఎప్పుడూ గొంతు పెంచడు, చెడ్డ పని పురమాయించేటప్పుడు కూడా పొద్దున్నే అరుగు మీద కూర్చుని కబుర్లు చెప్తున్నట్టే ఉంటాడు, అందుకే భయం అనేవాడు. శివాజీ గణేశన్ సినిమాలు తెలుగులో జగ్గయ్య గారి గొంతుతోనే విన్నాడు. ఒకసారి ఎవరో తమిళంలో శివాజీ సొంత గొంతు వినిపిస్తే చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "ఇన్నాళ్ళూ నాకు ఇద్దరు స్నేహితులున్నారని తెలియదు" అన్నాడు. పాత గొంతు పోయిందని బాధపడలేదు, ఇంకొకరు దొరికారన్నట్టు చెప్పాడు.

నాన్న పోయి ఆరేళ్ళయింది. మీ ఊరి నాటకం ఆయన వింటే ఏమనేవాడో నాకు తెలుసు. ఆ కుర్రాడు మీ మామ గొంతుతో మాట్లాడితే ఎవరో దుర్యోధనుడి వెనక దాక్కున్నాడని కనిపెట్టేసేవాడు.

గాత్రం_మాస్టారు_అనంతపురం

కోడుమూరు బాబూ, మిగతా చర్చ తర్వాత. ముందు ఆ పిల్లవాణ్ణి గొంతు బరువు చేయడం ఈరోజే ఆపమనండి.

నేను 30 ఏళ్ళు సంగీతం చెప్పి రిటైరయ్యాను. గొంతు నొక్కి గరగర తెచ్చుకోవడం వల్ల పాడైపోయిన మంచి గొంతులు చూశాను. మగవాళ్ళు మామూలుగా మాట్లాడేటప్పుడు స్వరతంత్రులు సెకనుకు సుమారు 100 నుంచి 130 సార్లు ఒకదానికొకటి తగులుతుంటాయి. పై స్థాయిలో పద్యం ఎత్తుకుంటే ఆ లెక్క 300 దాటుతుంది. దానికి తోడు గొంతు బిగించి లాగితే అవి రాసుకుని వాస్తాయి, రోజూ అదే పని చేస్తే కాయలు కడతాయి. మీ మామగారికి వచ్చిన ఇబ్బందినే ఆయన వేషంతో పాటు ఈ పిల్లవాడికి అప్పగించినట్టు అవుతుంది. రిహార్సల్ ముందు గోరువెచ్చటి నీళ్ళు తాగించండి. రాత్రిపూట గుసగుసగా మాట్లాడటం కూడా విశ్రాంతి కాదు, మౌనమే విశ్రాంతి.

ఇక నాటకం సంగతి. ఒక ప్రశ్న. మామగారు ఏ శ్రుతిలో, అంటే హార్మోనియం మీద ఏ మెట్టు పట్టుకుని, పాడేవారు? ఈ అబ్బాయి ఏ శ్రుతి? కృష్ణుడు ఏ శ్రుతి?

కోడుమూరు_పరదా

మాస్టారూ, ఈ రోజే ఆపించాను. వాడు కూడా రెండు రోజుల నుంచి గొంతు మంటగా ఉందని ఒప్పుకున్నాడు, భయపడి చెప్పలేదట. చాలా థాంక్స్.

మామది ఒకటిన్నర శ్రుతి. కుర్రాడిది నాలుగు. కృష్ణుడిది కూడా నాలుగే.

గాత్రం_మాస్టారు_అనంతపురం

అదీ విషయం. మీ ఊరి పెద్దలు "వీడు కృష్ణుడు" అన్నది ఊరికే అనలేదు. వాళ్ళకు శ్రుతి లెక్క తెలియకపోవచ్చు, చెవికి తెలుసు. ఇన్నేళ్ళూ రాయబారం సీనులో ఒకటిన్నరకు ఎదురుగా నాలుగు నిలబడింది. కింద ఒకరు, పైన ఒకరు. ఇప్పుడు నాలుగుకు ఎదురుగా నాలుగు. కళ్ళు మూసుకుని వింటే ఇద్దరు కృష్ణులు పోట్లాడుకుంటున్నట్టు ఉంటుంది. దుర్యోధనుడి గొంతు మాత్రమే మారిందని అనుకుంటున్నారు మీరు, నిజానికి ఇద్దరి మధ్య ఉన్న దూరం పోయింది. కృష్ణుణ్ణి కిందికి దించి చూడండి.

ధర్మవరం_మగ్గం

మాస్టారు చెప్పింది మా దగ్గర బొమ్మలాటలో కళ్ళారా చూశాను. నిమ్మలకుంట మా పక్క ఊరే. తోలుబొమ్మలు చేసే కుటుంబాలున్న ఊరు, దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది కూడా ఆ కళకే.

బొమ్మకు మొహం కదలదు. రావణుడు నవ్వినా ఏడ్చినా ఒకటే కన్ను, ఒకటే మీసం. తెర వెనక ఒక మనిషి రావణుడికీ, హనుమంతుడికీ, మధ్యలో వచ్చే కేతిగాడికీ మాట చెప్తూ, చేత్తో బొమ్మ ఆడిస్తూ, కాలితో చెక్క తొక్కి యుద్ధం చప్పుడు చేస్తుంటాడు. సీతకు, బంగారక్కకు ఆడవాళ్ళు పాడతారు. ఇంట్లో వాళ్ళు మాట్లాడుకునేది మరాఠీ కలిసిన భాష, తెర వెనకకు పోగానే పద్యం తెలుగు గడగడా వస్తుంది. నేను చిన్నప్పుడు తెర వెనకకు పోయి కూర్చునేవాణ్ణి. రావణుడి తర్వాత వెంటనే హనుమంతుడు మాట్లాడాలంటే ఆ పెద్దాయన గొంతు పెద్దగా మార్చేవాడు కాదు, వేగం మార్చేవాడు. రావణుడు పదం పదం నిలబెట్టి అనేవాడు, హనుమంతుడు మాట మీద మాట తోసుకొచ్చేవాడు. తెర ముందున్నవాళ్ళకు ఇద్దరు మనుషులే అనిపించేది.

ఆయన పెద్దవాడయ్యాక కొడుకు రావణుడు చెప్పడం మొదలుపెట్టాడు. గొంతు ఏమాత్రం కలవదు. అయినా ఎవరూ ఏమీ అనలేదు, ఎందుకంటే బొమ్మ అదే. తాత నాటి తోలుబొమ్మ, అదే రంగు, అదే ఊపు. అందుకని నా సలహా, మీ మామ కిరీటం, గద, నడిచొచ్చే తీరు, సింహాసనం మీద చెయ్యి పెట్టే పద్ధతి కుర్రాడికి అట్లాగే ఇవ్వండి. కంటికి పాతది కనిపిస్తే చెవి కొత్తదాన్ని ఒప్పుకుంటుంది.

సిరివెళ్ల_కుర్రోడు

కొంచెం పక్కకు పోతున్నా, క్షమించండి. గొంతు పాత్రను తయారుచేస్తుందని అందరూ అంటున్నారు. ఆ పాత్ర మళ్ళీ మన నెత్తిన ఎక్కి కూర్చుంటుంది, దాని గురించి కూడా మాట్లాడాలి.

జయప్రకాశ్ రెడ్డి గారిది మా సిరివెళ్ల. 1997లో ప్రేమించుకుందాం రా, 1999లో సమరసింహారెడ్డి. ఆయన వచ్చేదాకా తెలుగు సినిమా విలన్ ఎక్కువగా పుస్తకం భాషలోనో కోస్తా భాషలోనో బెదిరించేవాడు. ఆయన మన యాసలో బెదిరించాడు. ఆ సాగదీత, మాట చివర తెగ్గొట్టడం, నిదానంగా మొదలై ఒక్కసారిగా పైకి లేవడం, అంతా మన వీధిలో విన్నదే. తెర మీద మొదటిసారి మన మాట వినిపించిందని మా పెద్దవాళ్ళు ఎంత సంతోషపడ్డారో చెప్పలేను.

కానీ నేను ఇంజినీరింగుకు వేరే ఊరు పోయినప్పుడు హాస్టల్లో మొదటి రోజే "రాయలసీమా? ఒక డైలాగు చెప్పు" అన్నారు. నేను టిఫిన్ ఎక్కడ దొరుకుతుందని అడిగినా వాళ్ళకు బాంబు గుర్తొచ్చేది. ఆరు నెలల్లో నా యాస మార్చేసుకున్నా. ఇంటికి ఫోను చేస్తే మా అమ్మ "ఎవురు?" అని అడిగింది. ఆ మాటకు ఎంత ఏడ్చానో నాకే తెలుసు.

బనగానపల్లె_సుధ

తమ్ముడూ, నువ్వు చెప్పింది నాకూ జరిగింది. బాధ నిజమే. కానీ దానికి జయప్రకాశ్ రెడ్డి గారు కారణం కాదు. ఆయన గుంటూరులో లెక్కల మాస్టారుగా పనిచేశారు. అలెగ్జాండర్ అనే నాటకాన్ని వేదిక మీద ఒక్కరే నిలబడి నడిపించారు, పక్కన ఇంకో పాత్ర లేదు. తర్వాత సినిమాల్లో అదే సీమ గొంతుతో కడుపుబ్బ నవ్వించారు కూడా. ఆయన గొంతులో అన్నీ ఉన్నాయి, రాసేవాళ్ళు ఎక్కువసార్లు కత్తినే అడిగారు. 2020 సెప్టెంబరులో పోయారు. మన యాసలో ఒక తాత, ఒక ప్రేమికుడు, ఒక డాక్టరు మాట్లాడితే చూడాలని నాకుంది.

నువ్వు ఇప్పుడు అమ్మతో ఎట్లా మాట్లాడుతున్నావ్?

సిరివెళ్ల_కుర్రోడు

మన మాటే అక్కా. ఉద్యోగంలో చేరాక ఆఫీసులో కూడా మానలేదు.

తాడిపత్రి_వెంకట్

మా తాడిపత్రి పేరు ఇంకా రాలేదు, నేనే చెప్తా. బళ్ళారి రాఘవ 1880లో పుట్టింది ఇక్కడే. మాయాబజార్ తీసిన కె.వి. రెడ్డి గారిదీ ఇదే ఊరు.

మాయాబజార్‌లోనే కోడుమూరు అన్న ప్రశ్నకు జవాబుంది. ఘటోత్కచుడంటే ఎస్వీ రంగారావు. ఆ మాట, ఆ నవ్వు ఇంకెవరికీ రావు. కానీ వివాహ భోజనంబు పాడింది మాధవపెద్ది సత్యం గారు. 1957 నుంచి ఇప్పటిదాకా ఆ పాటలో మనకు కనిపించేది రంగారావే. ఆ సినిమాలోనే అదే ఘటోత్కచుడు శశిరేఖ రూపంలోకి మారతాడు, అక్కడ సావిత్రి గారు. రంగారావు గొంతు ఆమెకు రాదు, రావాల్సిన పని లేదు. భుజం ఎగరేసి, అడుగు బరువుగా వేసి, మాటను గద లాగా విసిరితే లోపల రాక్షసుడున్నాడని పిల్లలకు కూడా తెలిసిపోతుంది. ఒకే పాత్రకు మూడు గొంతులు! పాత్ర ఒక్కటిగానే ఉంది.

దానవీరశూరకర్ణ సంగతి కూడా చెప్పాలి. 1977లో ఎన్టీఆర్ కృష్ణుడు, దుర్యోధనుడు, కర్ణుడు మూడూ తానే వేశారు. మూడింటికీ ఒకే కంఠం. దుర్యోధనుడి దగ్గరకొచ్చేసరికి సమాసాలు ఎంత పొడుగున్నా ఒక్క ఊపిరిలో లాగుతారు, అభిమానం ఊపిరి ఆడనివ్వనట్టు ఉంటుంది. కృష్ణుడు మాట మధ్యలో నవ్వుకోవడానికి ఆగుతాడు. మీ కుర్రాడికి ఆ సినిమా చూపించండి, డైలాగు కోసం కాదు, ఆగే చోట్ల కోసం.

ఆదోని_రాజు

నేను మొదట చెప్పిన మాట వెనక్కి తీసుకుంటున్నా. మాస్టారి శ్రుతి లెక్క చదివాక రాత్రంతా ఆలోచించా. కానీ ఒక్కటి, మీ మామను కూర్చోబెట్టి కుర్రాడికి చెప్పించండి. ఆయన లేకుండా ఆయన వేషం గురించి మనమందరం నిర్ణయిస్తున్నాం.

కోడుమూరు_పరదా

రాజన్నా, ఆ మాట నాకు బాగా తగిలింది. నిజంగానే ఇన్నాళ్ళూ మామను అడగలేదు. బాధపడతాడేమోనని రిహార్సల్ వైపు పిలవలేదు. మొన్న ఆదివారం పోయి పిలుచుకొచ్చాను. జరిగింది రాస్తాను.

మామ వచ్చి హార్మోనియం పక్కన కూర్చున్నాడు. కుర్రాడు రాయబారం సీను మొత్తం తన సొంత గొంతుతో చేశాడు. అయ్యాక మామ వాణ్ణి దగ్గరికి పిలిచి చాలా చిన్నగా మాట్లాడాడు, మేమందరం వంగి వినాల్సి వచ్చింది. "నా గొంతు పైకి పోదు కాబట్టి నేను అరవలేదురా. అరవలేని రాజును తయారుచేసుకున్నా. నీది పోతుంది. పోనీ. అయితే ప్రతిసారీ పోనియ్యొద్దు. ఎక్కడ పోవాలో ఒక్క చోటు ఎంచుకో" అన్నాడు.

మేము 27 ఏళ్ళు గొప్ప ఆలోచన అనుకున్నది ఆయన గొంతుకున్న హద్దు వల్ల వచ్చిందని అప్పుడు తెలిసింది. హద్దు లోపలే ఆయన అంత పెద్ద మనిషిని కట్టాడు.

తర్వాత ఇద్దరూ కూర్చుని ఊపిరి ఎక్కడెక్కడ తీసుకోవాలో స్క్రిప్టు మీద పెన్సిలుతో గుర్తులు పెట్టుకున్నారు. కుర్రాడు ఎంచుకున్న చోటు నేను అనుకోనిది. రాయబారం కాదు. మయసభలో పడ్డప్పుడు నవ్విన నవ్వును తలుచుకునే చోట. అక్కడ వాడి గొంతు పైకి పోయి సన్నగా వణికింది. గద పట్టుకున్న రాజు కనిపించలేదు నాకు, నలుగురిలో జారిపడి అవమానం మరచిపోలేని కుర్రాడు కనిపించాడు. దుర్యోధనుడి మీద నాకు మొదటిసారి జాలి కలిగింది.

కృష్ణుడి సంగతే కష్టమైంది. ఆయనకు 45 ఏళ్ళు, వన్స్‌మోర్ పద్యాలన్నీ నాలుగులోనే ఉన్నాయి, దించనన్నాడు. న్యాయమే, జనం ఆ పద్యాల కోసమే వస్తారు. చివరికి పద్యాలు నాలుగులోనే ఉంచి, వచనం మాత్రం కిందికి దించి నిదానంగా చెప్పడానికి ఒప్పుకున్నాడు. ఇప్పుడు సభలో పెద్దవాడు కృష్ణుడు, చిన్నవాడు దుర్యోధనుడు అన్నట్టుంది. ఇన్నేళ్ళూ తిరగేసి ఉండేది.

ధర్మవరం అన్న చెప్పినట్టు మామ కిరీటమే పెడుతున్నాం. లోపల గుడ్డ చుట్టాల్సి వచ్చింది, వాడి తల చిన్నది.

మైకు_ముందు

ఒక్క చోటు ఎంచుకో అన్నాడు చూడండి, మా థియేటర్లో ఆ మాట రాసి గోడకు అంటించుకుంటాను. ఆయనకు నా నమస్కారం చెప్పండి.

కడప_శ్రోత

నాటకమంటే నాకు సురభి నాటక సమాజం గుర్తొస్తుంది. 1885లో వాళ్ళు కీచకవధ ఆడిన సురభి మా జిల్లా ఊరే. అప్పుడు మైకులు లేవు, ఆఖరి వరసలో వాడికి వినపడాలంటే గొంతే దిక్కు. మీ మామ అరవకుండా వినిపించాడంటే ఆయన ఊరు ఆయన కోసం నిశ్శబ్దంగా కూర్చుందన్నమాట. ఆ నిశ్శబ్దం ఈ కుర్రాడికి కూడా దొరకాలని కోరుకుంటున్నా. ఆ రాత్రి ఆడియో మాత్రం తప్పకుండా రికార్డు చేయండి, వీడియో లేకపోయినా పర్లేదు.

కోడుమూరు_పరదా

నాటకం అయింది. రెండు రోజులు నిద్రపోయి ఇప్పుడు రాస్తున్నా.

జనం బాగా వచ్చారు. దుర్యోధనుడి ప్రవేశానికి ముందు నాకు చేతులు చల్లబడిపోయాయి, అంత టెన్షన్. పరదా లేచింది. కుర్రాడు మామ నడకతో వచ్చి, సింహాసనం మీద మామ పెట్టినట్టే చెయ్యి పెట్టి, మైకు ముందు ఆ ఊపిరి తీశాడు. ముందు వరసలో పిల్లలు సర్దుకుని కూర్చున్నారు. నేను పరదా పక్కనుంచి చూశాను, ఒట్టు. ఆ తర్వాత వచ్చిన గొంతు పూర్తిగా వేరే. ఒక అరగంట గుసగుసలు వినపడ్డాయి, కొందరు లేచి టీ తాగడానికి పోయారు కూడా. ఉన్నదున్నట్టు చెప్పాలి కదా.

మయసభ మాట దగ్గర వాడి గొంతు పైకి పోయినప్పుడు టీ కొట్టు దగ్గర నిలబడ్డవాళ్ళు వెనక్కి తిరిగారు. ఆ తర్వాత గుసగుసలు లేవు. తెల్లారి ఒక ముసలాయన "మీ మామను చూస్తే దండం పెట్టాలనిపించేది, వీణ్ణి చూస్తే ఇంటికి పిలిచి అన్నం పెట్టాలనిపించింది" అన్నాడు. కొందరికి నచ్చలేదు, పాతదే బాగుందన్నారు. వాళ్ళదీ తప్పు కాదు.

శ్రోతక్కా, ఆడియో ఉంది, శుభ్రం చేసి ఇక్కడే పెడతాను. హార్మోనియం దగ్గర పెట్టిన ఫోనులో రికార్డయింది. అందులో దుర్యోధనుడి ప్రతి పద్యం కింద చాలా సన్నగా ఇంకో శబ్దం ఉంది. పక్కన కూర్చున్న మామ పెదాలతో పద్యాలన్నీ చెప్తూనే ఉన్నాడట, హార్మోనియం మాస్టారు ఇప్పుడు చెప్పాడు.

వచ్చే ఏడాది ధృతరాష్ట్రుడి వేషం నాకివ్వండి, పద్యాలు తీసేసి నాలుగు మాటలు ఉంచితే చాలు అని మామ అడుగుతున్నాడు. కళ్ళు లేని రాజుకు ఈ మిగిలిన గొంతు సరిపోతుందట.

గాత్రం_మాస్టారు_అనంతపురం

సరిపోతుంది. కానీ డాక్టరును అడిగాకే. ఆయన పెదాలు కదిపినప్పుడు గొంతు కూడా బిగించి ఉంటారు, ఆ సంగతి కూడా డాక్టరుకు చెప్పండి.

కోడుమూరు_పరదా

వచ్చే గురువారం చూపించుకోవడానికి కర్నూలు తీసుకుపోతున్నా మాస్టారూ. కుర్రాడు కూడా వస్తానంటున్నాడు.